ఆర్‌ఎన్‌ఏ మీద చిన్న గుర్తు - కాలేయ క్యాన్సర్



డీఎన్‌ఏలోని సమాచారాన్ని సందేశక ఆర్‌ఎన్‌ఏ మోసుకువస్తుందనీ, దాని ప్రకారం రైబోజోములు ప్రోటీన్లను తయారుచేస్తాయనీ మీరు చదువుకున్నారు. ఆ సందేశంలో అక్షరాలు మారితే క్యాన్సర్ రావచ్చునని కూడా మీకు తెలుసు. మరి అక్షరాలు మారకుండానే కణం దారి తప్పగలదా? తప్పగలదు. ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆర్‌ఎన్‌ఏలోని కొన్ని అడెనిన్ క్షారాలకు, ఆరవ స్థానంలో ఉన్న నైట్రోజన్ దగ్గర, ఒక మిథైల్ సమూహం చేరుతుంది. ఈ గుర్తు పేరు ఎం6ఏ. క్షీరదాల సందేశక ఆర్‌ఎన్‌ఏలో దీన్ని 1974లో కనుగొన్నారు. అందుకు వాడినవి ఎలుక కాలేయ క్యాన్సర్ కణాలే!

పాఠ్యపుస్తకంలో ఒక పేరా పక్కన 'ముఖ్యం' అనో, 'అవసరం లేదు' అనో రాసుకున్నారనుకోండి. పాఠం మారదు, మీరు దాన్ని ఎన్నిసార్లు చదువుతారన్నది మారుతుంది. ఎం6ఏ పని కూడా అలాంటిదే. మెటిల్3 అనే ఎంజైము ఈ గుర్తు పెడుతుంది. ఎఫ్‌టీఓ అనే ఎంజైము చెరిపేస్తుందని 2011లో తేలింది. ఇక గుర్తును చదివే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. ఆ ఆర్‌ఎన్‌ఏ నిలవాలా, నశించాలా అన్నది అవే తేలుస్తాయి.

ఇప్పుడు కాలేయానికి వద్దాం. కణం అతిగా పెరగకుండా అదుపుచేసే ప్రోటీన్లలో సాక్స్2 ఒకటి. కాలేయ క్యాన్సర్ కణాల్లో మెటిల్3 ఎక్కువై, సాక్స్2 సందేశం మీద గుర్తులు పెడుతోందని 2018లో హాంకాంగ్ పరిశోధకులు ప్రచురించారు. ఆ గుర్తును చదివిన వైటీహెచ్‌డీఎఫ్2 అనే ప్రోటీన్ సందేశాన్ని నాశనం చేయిస్తుంది. జన్యువు చెడలేదు, అయినా అదుపు పోయింది. మెటిల్3ను తగ్గించినప్పుడు ఎలుకల్లో కణితి పెరుగుదల తగ్గింది.

చెరపగలిగే గుర్తు కాబట్టి మందుకు అవకాశం ఉంది. మెటిల్3ను అడ్డుకునే ఎస్‌టీసీ-15 అనే మందును 2022లో క్యాన్సర్ రోగులపై పరీక్షించడం ప్రారంభించారు. అయితే ఆరోగ్యకరమైన కణాలకూ ఈ ఎంజైము కావాలి. అది పూర్తిగా లేని ఎలుక పిండాలు బతకవు. కాబట్టి ఎంత అడ్డుకోవాలన్నదే అసలు సమస్య.

కాలేయ క్యాన్సర్ చాలామందిలో ఆలస్యంగా బయటపడుతుంది. అందుకే నివారణ ముఖ్యం. దీనికి ఒక ప్రధాన కారణమైన హెపటైటిస్-బి వైరస్‌కు టీకా ఉంది. మీరు ఆ టీకా వేయించుకున్నారో లేదో ఈరోజే ఇంట్లో అడిగి తెలుసుకోండి.