నేర్పడం వేరు, బదులు నడపడం వేరు

(వార్షిక ధమ్మ సభలోని మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

స్త్రీలను ఎన్నికలలో పోటీకి ప్రోత్సహించడంలో, వారికి తగిన శిక్షణ ఇవ్వడంలో మన సంఘం ఏమి చేయగలదన్నది ఈనాటి విషయం. చరిత్ర బోధించేవారము కనుక వినయ పిటకంలోని ఒక ఘట్టంతో ప్రారంభిస్తాము.

మహాప్రజాపతి గౌతమి శాక్య స్త్రీలతో కలిసి కపిలవస్తు నుండి వైశాలి వరకు నడిచి, వాచిన పాదాలతో ద్వారం వద్ద నిలబడిన కథ మనందరికీ తెలిసినదే. ఆ తరువాత జరిగినదానిని మాత్రం మనం అంతగా చెప్పుకోము. భిక్షుణుల కోసం పాతిమోక్ఖ పఠనాన్ని మొదట భిక్షువులే చేసేవారని చుల్లవగ్గ చెబుతున్నది. లోకులు ఆక్షేపించారు. అప్పుడు భగవానుడు భిక్షుణుల పాతిమోక్ఖను భిక్షుణులే పఠించాలని నియమించాడు. వారికి ఆ విధానం తెలియదన్న మాట వచ్చింది. తెలియదు కనుక మళ్ళీ భిక్షువులే చేయాలని ఆయన అనలేదు. ఎలా చేయాలో భిక్షువులు వారికి చెప్పవచ్చునన్నాడు. చేయవలసినవారు మాత్రం భిక్షుణులే. సంఘ కర్మల విషయంలోనూ ఇదే క్రమం.

భిక్షుణులకు విధించిన ఎనిమిది గురుధర్మాలలోని అసమానతను మనం దాచనక్కరలేదు. అవి బుద్ధుని మాటలేనా, తరువాత చేరినవా అన్న చర్చ పండితులలో సాగుతూనే ఉన్నది. అయినా నేర్పడం వేరు, బదులు నడపడం వేరు అన్న ఈ వివేకం మాత్రం మన కాలానికి నేరుగా వర్తిస్తుంది.

1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చింది. పంచాయతీలలో కనీసం మూడవ వంతు స్థానాలు స్త్రీలవి అయినాయి. షెడ్యూల్డు కులాలకు, తెగలకు కేటాయించిన స్థానాలలోనూ మూడవ వంతు ఆ వర్గాల స్త్రీలకే దక్కింది. తరువాత మన రెండు తెలుగు రాష్ట్రాలతో సహా అనేక రాష్ట్రాలు ఆ వాటాను సగానికి పెంచినాయి. నేడు దేశంలో ఎన్నికైన పంచాయతీ మహిళా ప్రతినిధులు 14 లక్షలకు పైబడి ఉన్నారు. ఇది చిన్న విజయం కాదు.

అయితే ఒక గ్రామ పంచాయతీ కార్యాలయంలో మేము చూచిన దృశ్యం మనసును వదలదు. గోడమీది బోర్డులో ఆమె పేరు. కుర్చీలో ఆమె భర్త. తీర్మానాల పుస్తకం తెరిస్తే, ఖాళీ పుట అడుగున ముందుగానే పెట్టించిన ఆమె సంతకం! పై భాగంలో ఏమి వ్రాయబోతారో ఆమెకు తెలియదు. “అమ్మా, ఇదేమిటి?” అని అడిగితే, “వాళ్ళు చూసుకుంటారు సార్” అన్నది. ఆమె మాటలో బాధ కూడా లేదు. అదే మమ్మల్ని ఎక్కువగా బాధించింది.

బౌద్ధ సంఘ కర్మలో ఒక ప్రతిపాదనను సభ ముందు ఉంచుతారు. ముఖ్యమైన విషయమైతే మూడు మార్లు ప్రకటిస్తారు. సమ్మతించినవారు మౌనంగా ఉంటారు, సమ్మతించనివారు పలుకుతారు. అక్కడ మౌనం అంగీకారమే. ఎందుకంటే పలికే హక్కు తనకున్నదని, పలికితే వింటారని సభ్యులందరికీ తెలుసు. పలకడం ఎన్నడూ నేర్పని స్త్రీ మౌనాన్ని అంగీకారంగా లెక్కించడం న్యాయం కాదు. ఆ ఖాళీ పుట మీది సంతకం అటువంటి మౌనమే.

ఈ సభా సంప్రదాయాన్ని బాబాసాహెబు 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో గుర్తుచేశారు. కోరం, తీర్మానం, ఓటింగు వంటి సభా నియమాలు బౌద్ధ సంఘాలకు ఎరుకేనని, భారతదేశం వాటిని తరువాత పోగొట్టుకున్నదని ఆయన భావం. ఆయన నాయకత్వంలో నడిచిన ఉద్యమం ఆచరణలోనూ దారి చూపింది. 1942 జూలైలో నాగపూరులో జరిగిన అణగారిన వర్గాల మహిళా మహాసభకు అధ్యక్షత వహించినది సులోచనాబాయి డోంగ్రే. విడాకుల హక్కు, బహుభార్యాత్వ నిషేధం, శ్రామిక స్త్రీల సౌకర్యాలు అక్కడ తీర్మానాలైనాయి. ఆ ఉద్యమంలో పెరిగిన శాంతాబాయి దాణి తరువాత మహారాష్ట్ర శాసన మండలిలో కూర్చున్నారు. మన ప్రాంతంలో టి.ఎన్. సదాలక్ష్మి శాసనసభ ఉపసభాపతిగా, దేవాదాయ శాఖ మంత్రిగా పనిచేశారు. దేవాలయ ప్రవేశమే వివాదమైన కులాల ఆడబిడ్డ దేవాలయాల శాఖను ఏలడం ఎంతటి మాట!

2024లో లోక్‌సభకు ఎన్నికైన స్త్రీలు 543 మందిలో 74 మంది మాత్రమే. 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణ చట్టసభలలోనూ మూడవ వంతు స్థానాలను వారికి ఉద్దేశించింది. ఆ స్థానాలు వచ్చేనాటికి మన స్త్రీలు సిద్ధంగా ఉండాలంటే పని ఈనాడే మొదలుకావాలి.

అందుకు మేము చేసే సూచన సులభమైనది. ప్రతి పూర్ణిమనాడు విహారంలో వందన, ధ్యానం ముగిశాక ఒక గంట సభాభ్యాసం జరగాలి. ఒక ఉపాసిక అధ్యక్షత వహించాలి. ఒకరు తీర్మానం చదవాలి, ఒకరు కారణాలతో వ్యతిరేకించాలి, ఒకరు పుస్తకంలో వ్రాయాలి. చదవనిదే సంతకం చేయరాదన్నది మొదటి పాఠం. నామినేషను పత్రం నింపడం, కుల ధ్రువీకరణ, గడువులోగా ఎన్నికల ఖర్చు లెక్క అప్పగించడం తరువాతి పాఠాలు. గ్రామసభ జరపడం, పంచాయతీ ఖాతా చదవడం ఆ పైవి. ఒకసారి గెలిచిన స్త్రీని, రిజర్వేషను మారిన మరుసటి ఎన్నికలో జనరల్ స్థానానికి పోటీ చేయమని మనమే వెళ్ళి అడగాలి. లేకుంటే ఐదేళ్ళ అనుభవం వంటింట్లో ముగుస్తుంది.

చివరిగా, ఇతరులకు చెప్పేముందు మన ఇంటిని చూచుకుందాం. ఈ ఉత్సవానికి పాయసం వండినది, విహారం ఊడ్చినది, చందాలు పోగుచేసినది ఎవరు? ఈ వేదిక మీద కూర్చున్నది ఎవరు? స్త్రీల నాయకత్వం గురించి పురుషులమైన మేమే మాట్లాడుతున్నాము. ఈ లోపాన్ని ఒప్పుకోకుండా ఈ ప్రసంగం ముగించలేము. మన కార్యవర్గంలో సగం స్థానాలు ఉపాసికలకు ఇవ్వాలని, వచ్చే ఏడు ఈ సదస్సును వారే నిర్వహించాలని ప్రతిపాదిస్తున్నాము. సంఘ సంప్రదాయం ప్రకారం సమ్మతించనివారు పలకండి. సమ్మతించే ఉపాసికలు మాత్రం ఈ ఒక్కసారికి మౌనంగా ఉండవద్దు. లేచి, పేరు చెప్పి, నోరారా సమ్మతించండి.

నమో బుద్ధాయ. జై భీమ్.