బీపీ తగ్గినప్పుడు గుండె మాత్ర ఆపవచ్చా?

(మా సొసైటీ వార్షిక సభలో వైద్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



 ప్రతి ఏటా మేం ఎన్ని శిబిరాలు పెట్టామో, ఎంత ఖర్చయిందో లెక్క చెబుతుంటాం. ఆ లెక్క ఈ సంచికలోనే మరోచోట ఉంది. ఈసారి మా చేతుల్లో జరిగిన ఒక పొరపాటు చెప్పదలిచాం. మీ జకాత్, సదకా సొమ్ముతో నడిచే పని కాబట్టి అది మీకు తెలియాలి.

ఎండాకాలంలో రంజాన్ వచ్చిన ఏడాది అది. కర్నూలు పాతబస్తీలో మా శిబిరానికి ఒక ఖాలా వచ్చారు. చిన్నతనంలో గొంతునొప్పి, ఆ వెంటే కీళ్లనొప్పుల జ్వరం వచ్చి, ఏళ్ల తరబడి గుండె కవాటం సన్నబడిన మనిషి. మన పల్లెల్లో ఈ జబ్బు కొత్తది కాదు. కవాటం సన్నబడితే గుండె పైగది సాగిపోయి, నాడి లయ తప్పుతుంది. దీన్నే డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. ఆమె వేగం తగ్గించే మెటోప్రొలోల్, డిజాక్సిన్, నీరు తీసే మాత్ర, రక్తం గడ్డకట్టకుండా మరో మాత్ర వాడుతున్నారు.

ఆ రోజు ఆమె బీపీ 88 చూపించింది. రోజా ఉన్నారు, కళ్లు తిరుగుతున్నాయన్నారు. మా వాలంటీరు మంచి మనసుతోనే, "బీపీ డౌనయిందమ్మా, ఈ మాత్ర ఆపేయండి, ఉప్పేసుకుని మజ్జిగ తాగండి" అని చెప్పాడు. మూడో రోజు రాత్రి ఆమెకు ఊపిరాడలేదు. ఆసుపత్రికి చేర్చేసరికి నాడి 150 దాటింది, బీపీ ఇంకా పడిపోయింది. ఆక్సిజన్ పెట్టి, మందులతో గుండె వేగాన్ని మెల్లగా తగ్గించాక బీపీ దానంతటదే పెరిగింది. అల్లా దయవల్ల ఆమె బతికారు.

ఆ తర్వాత డాక్టర్లను అడిగి మేం నేర్చుకున్నది ఇది. బీపీ తగ్గిందంటే ఎందుకు తగ్గిందో చూడాలి. గుండె మరీ వేగంగా కొట్టుకుంటే రెండు దెబ్బల మధ్య రక్తం నిండే వ్యవధి ఉండదు, అప్పుడూ బీపీ పడిపోతుంది. అలాంటి మనిషికి వేగం తగ్గించే మందు ఆపితే ముప్పు పెరుగుతుంది. నాడి 50 కంటే తక్కువుండి బీపీ పడిపోతే అదే మందు ఎక్కువైందేమో అనుకోవాలి. ఎండకు, వాంతులకు, విరేచనాలకు ఒంట్లో నీరు తగ్గినా బీపీ తగ్గుతుంది, అప్పుడు నీరు తీసే మాత్ర మోతాదును డాక్టరు మార్చాల్సి రావచ్చు. బక్కపలచని మనుషులు కొందరికి పై బీపీ ఎప్పుడూ 95, 100 దగ్గరే ఉంటుంది. వాళ్లు బాగానే తిరుగుతుంటే కంగారుపడే పని లేదు.

మందులన్నీ ఒక తీరువి కావు. మెటోప్రొలోల్, డిల్టియాజెమ్ లాంటివి వేగాన్నీ, బీపీనీ రెండింటినీ తగ్గిస్తాయి. మెటోప్రొలోల్ ఒక్కసారిగా ఆపితే గుండె మళ్లీ పరుగెడుతుంది. డిజాక్సిన్ బీపీని దించదు, అందుకే బీపీ తక్కువున్న రోగులకు డాక్టర్లు దాన్ని ఎంచుకోవడం ఉంది. ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క ఆకుతో చేసే వైద్యం గురించి విలియం విదరింగ్ అనే ఇంగ్లండు వైద్యుడు 1785లోనే పుస్తకం రాశాడు. ఆ జాతి మొక్క నుంచి వచ్చిందే ఈ డిజాక్సిన్. అయితే ఒంట్లో నీరు, పొటాషియం తగ్గినా, కిడ్నీ నెమ్మదించినా ఇది విషంగా మారుతుంది. వికారం, ఆకలి లేకపోవడం, చూపు పసుపుగా కనబడటం, నాడి మందగించడం దాని గుర్తులు. అమియోడరోన్ వాడేవాళ్లకు థైరాయిడ్, లివర్ పరీక్షలు అప్పుడప్పుడు జరగాలి. రక్తం పలచన చేసే మాత్ర బీపీని తగ్గించదు. బీపీ తగ్గిందని దాన్ని ఆపితే గుండెలో గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు. మలం నల్లగా వచ్చినా, రక్తం పోతున్నా మాత్రం వెంటనే ఆసుపత్రికి పోవాలి.

రంజాన్‌లో ఇంకో చిక్కుంది. మూడు పూటల మాత్రల్ని చాలామంది సహరీలో ఒకేసారి మింగేస్తారు. ఆ వేళకు బీపీ పడిపోయి, సజ్దా నుంచి లేచేటప్పుడు కళ్లు తిరిగి పడిపోతారు. రోగికి రోజా విషయంలో దీన్ సడలింపు ఇచ్చింది. కోలుకున్నాక ఖజా ఉంది, ఎప్పటికీ తగ్గని జబ్బుకు ఫిద్యా ఉంది. రంజాన్‌కు నెల ముందే డాక్టరునూ, ఆలిమ్‌నూ ఇద్దరినీ అడిగి, మాత్రల వేళలు రాయించుకోవాలి. ఉప్పు మజ్జిగ మన అలవాటే, కానీ కవాటం జబ్బు ఉన్నవాళ్లకు ఎక్కువ ఉప్పు ఊపిరితిత్తుల్లో నీరు చేరుస్తుంది.

ఇంట్లో చేయాల్సిందింతే. కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు ఆగి, బీపీ మూడుసార్లు చూడండి, లయ తప్పిన గుండెకు మిషన్ ఒక్కసారికి తప్పు చూపవచ్చు. నాడిని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండూ కాగితం మీద రాసి డాక్టరుకు ఫోన్ చేయండి. మాత్ర ఆపడం, తగ్గించడం ఆయన చెబితేనే. ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, మాట తడబడటం, చల్లని చెమటలు ఉంటే ఫోన్లతో ఆలస్యం చేయక 108ని పిలవండి.

దాతలారా, ఇప్పుడు మీ సంగతి. పెద్ద ఆపరేషన్లకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం మన పేదలకు ఆసరా అయింది. గుండె వైద్యానికి కర్నూలు సర్వజన వైద్యశాల, కడప రిమ్స్ ఉన్నాయి. కానీ ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు 100 కిలోమీటర్లు. ప్రొద్దుటూరు నుంచి కడపకు 50 పైనే. కూలి మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని నెలనెలా రక్తపరీక్షకు పోలేక మాత్రలు వదిలేసినవాళ్లను మేం చూశాం. ప్రాణం పోయేది ఆ మధ్యదూరంలోనే.

అందుకే ఈ ఏడాది మీ సాయం మూడింటికి అడుగుతున్నాం. ప్రతి మొహల్లాకు మంచి బీపీ మిషన్, ఒక స్టెతస్కోపు. నాడి లెక్కపెట్టడం నేర్చిన ఇద్దరు వాలంటీర్లు, వాళ్లలో ఒకరైనా స్త్రీ. పరీక్షలకు పోయే పేద రోగికి దారి ఖర్చు. ప్రతి గుండె రోగి చేతిలో ఒక కార్డు పెడతాం. బీపీ, నాడి ఎంతకు తగ్గితే ఏ మాత్ర ఆపి ఎవరికి ఫోన్ చేయాలో దాని మీద ఆ రోగిని చూసే డాక్టరే రాస్తారు. మా వాళ్లెవరూ ఇకమీద సొంతంగా మాత్ర ఆపమని చెప్పరు. ఇది మీ ముందు మేం చేస్తున్న వాగ్దానం.

ఆ ఖాలా ఇప్పుడు మా శిబిరానికి వస్తే ముందు చెయ్యి చాపి, "నాడి చూడు బేటా, తర్వాత మిషన్ పెట్టు" అంటారు. మా వాలంటీర్లకు ఆమే ఉస్తాద్. మీరిచ్చిన ప్రతి రూపాయిని అల్లా ఖబూల్ చేయుగాక. ఆమీన్.