తాళం తప్పిన వ్రేలు

సెల్‌ఫోను తెర మీద పాటకు అనుగుణంగా ఆడే ఆట ఒకటి నేడు మన పిల్లల చేతులలో ఉన్నది. తెర పైభాగం నుండి నాలుగు వరుసలలో చిన్న చిన్న పలకలు క్రిందికి జారుతూ వస్తాయి. అడుగున ఒక గీత ఉంటుంది. పలక ఆ గీతను చేరిన క్షణంలోనే పాటలో దెబ్బ పడుతుంది; ఆ క్షణంలోనే దానిని వ్రేలితో తట్టవలెను. ముందు తట్టినా తప్పే, వెనుక తట్టినా తప్పే. ఒక్క తప్పుతో ముగిసిపోయే ఆటలు కొన్ని. కొన్ని తప్పులను ఓర్చుకొని, హద్దు మీరితే ఆగిపోయేవి కొన్ని. మేము ఆడి ఓడినది ఈ రెండవ రకం. ఆ ఓటమి వలన మాకు తెలిసివచ్చిన సంగతి ఒకటి శ్రోతలకు మనవి చేయవలెనని ఈ ప్రసంగం.

సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ మండలంలోని ఒక గ్రామానికి కోలాటం ధ్వనిముద్రణ కొరకు వెళ్ళినాము. అవి వరినాట్ల దినాలు. ఆడవలసినవారందరూ స్త్రీలు. పొలం నుండి వచ్చి, వంట ముగించి, పిల్లలకు అన్నాలు పెట్టి వచ్చేసరికి రాత్రి ఎనిమిది గంటలవుతుందన్నారు. మేము ఆరు గంటలకే చేరినాము. మాకు ఆతిథ్యమిచ్చిన ఇంటి అరుగు మీద తొమ్మిదవ తరగతి చదివే బాలుడొకడు ఈ ఆట ఆడుతున్నాడు. వాని రెండు బొటనవ్రేళ్ళూ వడగళ్ళ వలె తెర మీద పడుతున్నాయి. కొంతసేపు చూచి, మేమూ ఒకసారి ఆడతామన్నాము. ప్రసారశాలలో ఇరవై ఏళ్ళుగా క్షణాలను లెక్కపెట్టి జీతం పుచ్చుకుంటున్నవారము గదా, ఇదొక లెక్కా అనుకున్నాము. పల్లవి దాటక ముందే ఆట ఆగిపోయినది. ఏడుసార్లు ఆడినాము, ఏడుసార్లూ అంతే. బాలుడు మర్యాదగా నవ్వు దాచుకున్నాడు.

ఈ ఆటల వంశం మరీ పాతది కాదు. 1996లో జపాన్‌లో ‘పారప్పా ద ర్యాపర్’ అనే ఆట వెలువడినది. టోపీ పెట్టుకున్న ఒక కుక్కపిల్ల గురువులు చెప్పిన మాటలను లయ తప్పకుండా తిరిగి చెప్పడం అందులోని కథ. 1997లో ‘బీట్‌మానియా’ వచ్చి వ్రేళ్ళకు పని కల్పించినది. 1998లో ‘డాన్స్ డాన్స్ రివల్యూషన్’ ఆ పనిని పాదాలకు అప్పగించినది. 2005లో అమెరికాలో ‘గిటార్ హీరో’ పుట్టినది. 2014లో ‘పియానో టైల్స్’తో ఈ తరహా ఆట ఎందరో సామాన్యుల సెల్‌ఫోనుల లోనికి వచ్చినది. ఈనాడు కన్నులకు కళ్ళద్దాల పెట్టె తగిలించుకొని, వెలుగు కత్తులతో దిమ్మెలను నరికే ‘బీట్ సేబర్’ వంటివి కూడా ఉన్నాయి. పరికరాలు మారినా పరీక్ష ఒక్కటే: దెబ్బ పడే వేళకు నీవు అక్కడ ఉన్నావా?

ఇక మేము ఓడిన కారణం చెప్తాము. నిమిషానికి 180 దెబ్బలు పడే పాటలో దెబ్బకూ దెబ్బకూ నడుమ ఉన్న కాలం సెకనులో మూడవ వంతు. దెబ్బకు రెండేసి పలకలు వచ్చేచోట అది ఆరవ వంతు అవుతుంది. మనిషి ఒక వెలుగును చూచి వ్రేలు కదపడానికి సుమారు సెకనులో ఐదవ వంతు పడుతుంది. అనగా, పలకను చూచిన పిమ్మట తట్టుదామనుకునేవాడు ఎంత చురుకైనవాడైనా వెనుకబడక తప్పదు. మేము చేసినది సరిగా అదే. వచ్చిన ప్రతి పలకనూ చూచి, నిర్ధారించుకొని, తట్టినాము.

మరి గెలిచేవాడు ఏమి చేస్తాడు? రాబోయే దెబ్బను ముందుగానే ఎరిగి, దానికి ఎదురుగా వెళ్తాడు. ఈ శక్తి మనందరిలోనూ ఉన్నది. సమమైన చప్పుడుకు అనుగుణంగా బల్ల మీద వ్రేలితో తట్టమంటే, సాధారణంగా మనుష్యుల వ్రేలు చప్పుడు కన్నా రవ్వంత ముందుగానే పడుతుందని శాస్త్రజ్ఞులు కొలిచి చూచినారు. మనకు తెలియకుండానే మనం కాలాన్ని ముందుగా ఊహిస్తున్నామన్నమాట. ఆ ఊహకు ఆధారం కన్ను కాదు, చెవి.

బాలునికి ఈ శాస్త్రం తెలియదు గాని దాని సారం తెలుసును. మా చెవిలో ఉన్న తీగలేని ఇయర్‌ఫోనును తీసివేయమన్నాడు. అందులో ధ్వని కొంత ఆలస్యంగా చేరుతుంది. కంటికి ఒక కాలం, చెవికి ఒక కాలం అయితే తాళం ఎట్లు కుదురుతుంది? పిమ్మట పలకలు జారే వేగాన్ని పెంచినాడు. మేము భయపడినాము. కాని పాట వేగం పెరగలేదు. పలకల నడుమ ఎడం మాత్రం పెరిగినది. గుంపుగా కనబడినవి విడివిడిగా కనబడసాగినాయి. అప్పటికీ మేము తప్పిపోయిన పలక వెంట చూపు పోనిచ్చి, తరువాతి మూడింటిని పోగొట్టుకుంటున్నాము. అది చూచి వాడన్నాడు: “పోయినదాని దిక్కు చూడకున్రి సార్. వచ్చేదాని దిక్కు చూడున్రి.”

ఈ మాట మా మనస్సులో నాటుకున్నది. చాలా ఏళ్ళ క్రిందట ఒక రాత్రి ప్రత్యక్ష ప్రసారంలో చదువుతూ మేము ఒక పేరును తప్పు పలికినాము. వెంటనే సవరించుకొని ఉంటే సరిపోయేది. కాని నోరు ముందుకు చదువుతున్నా మనస్సు ఆ పేరు దగ్గరనే నిలిచిపోయినది. ఆ తరువాతి వాక్యాలలో మరి రెండు తప్పులు దొర్లినాయి. మొదటి తప్పును శ్రోతలు క్షమించి ఉందురు. తక్కిన రెండూ మేము కొనితెచ్చుకున్నవి. ఇన్నేళ్ళకు తొమ్మిదవ తరగతి బాలుడు మా జబ్బుకు పేరు చెప్పినట్లయినది.

ఎనిమిది దాటిన తరువాత కోలాటం మొదలైనది. లోపల ఒక వలయం, వెలుపల ఒక వలయం. నడుమ తాళాలు పట్టిన పెద్దమ్మ పాట ఎత్తుకున్నది. కోపు మారినప్పుడల్లా జతలు మారుతాయి. కోలకు కోల తగులుతూనే ఉంటుంది. కొత్తగా చేరిన బాలిక ఒకతె బెదురుతూ ఎదుటివారి కోలనే చూస్తున్నది. పెద్దమ్మ పాట ఆపకుండానే, చరణానికీ చరణానికీ నడుమ అన్నది: “కట్టె దిక్కు చూడకు బిడ్డా, దెబ్బ ఇను.” అరుగు మీద విన్న పాఠమే వలయంలోనూ విన్నాము. కాకతీయుల కాలపు జాయపసేనాని 1253-54 ప్రాంతంలో రచించిన ‘నృత్తరత్నావళి’లో కోలలతో ఆడే దండరాసకాన్ని వర్ణించినాడు. ఈ నేలకు ఈ పాఠం కొత్తది కాదు.

ధ్వనిముద్రణ ముగిసిన పిమ్మట బాలుని కూడా వలయంలోనికి పిలిచినారు. సెల్‌ఫోనులో దెబ్బ తప్పని వాడు ఇక్కడ రెండవ కోపులోనే తప్పినాడు. కోల తట్టవలసిన చోట గాలి తగిలినది. ఎదుట ఉన్న మేనత్త ఒక రవ్వ తన చేతిని నిలిపి, వాని కోల వచ్చేదాకా ఆగి, “ఏం గాదు, మల్ల అందుకో” అన్నది. వాడు అందుకున్నాడు. తెర మీది పలక ఎవరి కొరకూ ఆగదు. అది తప్పును లెక్కిస్తుంది. ఎదుటి మనిషి తప్పును చూచి తన చేతిని సర్దుకుంటుంది. ఇద్దరు కలిసి నిలిపే తాళానికి ఆ వెసులుబాటు ఉన్నది.

కనుక ఈ ఆటను పిల్లల చేతినుండి లాగివేయవలెనని మేము చెప్పము. ధ్వని కట్టివేసి ఆడుతుంటే మాత్రం వినిపించుకుంటూ ఆడమని చెప్పండి. పావుగంట తరువాత చాలుననండి. ఊరిలో కోలాటమో భజనో ఉన్నచో అక్కడికీ పంపండి. ఒకచోట చెవి పదునెక్కుతుంది, రెండవచోట చేయి మెత్తబడుతుంది.

మేమిప్పటికీ కాలక్షేపానికి ఆడేవారమే. రాత్రి భోజనానంతరం రెండు పాటలు ఆడుతాము. ఒకనాడు చరణం దాటుతాము, ఒకనాడు పల్లవిలోనే చతికిలబడతాము. కాని తప్పిన పలక వెంట చూపు పోనివ్వడం కొంత తగ్గినది. మొన్న ప్రసారంలో ఒక మాట తడబడినప్పుడు సవరించుకొని, తరువాతి వాక్యానికి వెళ్ళిపోయినాము. అది శ్రోతలలో ఎవరైనా గమనించినారో లేదో తెలియదు.