రాట తీసిన గుంట



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ మాస్టారింట్లో ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. వాళ్ళ ఊరి పాటిదిబ్బ మట్టిని రైతులు బండ్లకెత్తి పొలాలకు తోలుకుంటుంటే, ఆ బండ్ల వెనక నడిచి ఏరుకున్న కుండపెంకులు అందులో దాచారు. ఒక్కో పెంకు కింద ఒక చీటీ. ఏ రోజు, దిబ్బకు ఏ వైపు, ఎంత లోతులో దొరికిందో దాని మీద ఉండేది. పెంకు పగిలితే ఏమీ అనేవారు కాదు. చీటీ తారుమారైతే మాత్రం కోప్పడేవారు. అప్పట్లో నాకది చాదస్తం అనిపించేది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఆ చీటీ గురించే.

నాగార్జునకొండకు మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. లాంచీ దిగి కొండెక్కితే మ్యూజియం, తిరిగి కట్టిన స్తూపాలు, విహారాలు కనిపిస్తాయి. 1926లో ఎ. రంగస్వామి సరస్వతి ఆ లోయలో శిథిలాల ఆచూకీ తీశారు. లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా, తర్వాత 1938లో మొదలుపెట్టి టి.ఎన్. రామచంద్రన్ అక్కడ తవ్వారు. వాళ్ళనెవరూ తరమలేదు. నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కడతారని, లోయ మునిగిపోతుందని తేలాక సంగతి మారింది. 1954లో భారత పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పని మొదలుపెట్టింది. మరుసటి ఏడాది డిసెంబర్ 10న నెహ్రూ ఆనకట్టకు పునాదిరాయి వేశారు. ఒకవైపు ఆనకట్ట పని సాగుతుంటే, మరోవైపు సుమారు 23 చదరపు కిలోమీటర్ల లోయలో వందకు పైగా చోట్ల 1960 దాకా తవ్వారు. ఈజిప్టులో అబూ సింబెల్ వంటి కట్టడాలను నైలు ముంపు నుంచి కాపాడుకుందామని యునెస్కో ప్రపంచానికి పిలుపునిచ్చింది ఆ 1960లోనే. మనవాళ్ళు అప్పటికే ఆరేళ్ళు ఎండలో నిలబడి పని చేశారు. ఆ ఘనత వాళ్ళకు ఇవ్వాలి, మనస్ఫూర్తిగా ఇస్తున్నాను.

అయితే ఆ లోయలో, ఆ స్తూపాలూ విహారాలూ వెలసిన ఇక్ష్వాకుల కాలం కంటే రెండు వేల ఏళ్ళకు పైగా ముందే ఒక ఊరుంది. కొత్తరాతియుగపు ఊరు. రాతి గొడ్డళ్ళను నూరి నునుపు చేసుకున్నవాళ్ళు, సారె లేకుండా చేత్తోనే బూడిదరంగు కుండలు చేసుకున్నవాళ్ళు అక్కడ బతికారు. గుండ్రంగానో కోలగానో నేలను కాస్త లోతుగా తవ్వి, అంచు చుట్టూ గుంజలు పాతి, పైన కప్పు వేసుకున్నారు. లోపల పొయ్యి పెట్టుకున్నారు. తమలో చనిపోయినవాళ్ళను వాళ్ళు పూడ్చిన చోట్లూ దొరికాయి. ఆ తర్వాతి కాలపువాళ్ళు పెద్ద బండరాళ్ళు వలయంగా పేర్చి సమాధులు కట్టారు. తెలంగాణ పల్లెల్లో అలాంటివాటిని రాక్షస గుళ్ళు అంటారు.

ఇక్ష్వాకుల కట్టడాల్లో తొమ్మిదింటిని కొండ మీద తిరిగి నిలబెట్టారు, కొన్నింటిని అనుపు దగ్గర కట్టారు. రాయికి నంబరు వేయవచ్చు, విప్పవచ్చు, పడవెక్కించవచ్చు. గుంజ పాతిన గుంటను ఎలా ఎత్తుకొస్తాం?

పెళ్ళి పందిరి విప్పాక రాట తీసిన గుంటను చూసే ఉంటారు. మట్టి తోసి పూడుస్తాం, కాలితో తొక్కుతాం. కొన్నాళ్ళకు మన కంటికి అక్కడేమీ ఉండదు. కానీ పూడ్చిన మట్టి చుట్టూ ఉన్న గట్టినేలలో కలిసిపోదు. నాలుగు వేల ఏళ్ళయినా కలవదు. రంగు కాస్త తేడాగా, పట్టు కాస్త వదులుగా ఉండిపోతుంది. కొత్తరాతియుగపు ఇల్లంటే చాలాచోట్ల మనకు మిగిలింది ఆ తేడా ఒక్కటే.

నేను చదువుకునే రోజుల్లో శిక్షణ కోసం ఒక తవ్వకానికి వెళ్ళాను. ట్రెంచిలో ఒక మూల నాకు అప్పగించారు. మూడు రోజులు తాపీతో గీకాను. మట్టి తప్ప నాకేమీ కనపడలేదు. నాలుగో రోజు తట్ట మోసే ఒక పెద్దమ్మ నా దగ్గర ఆగి, "అయ్యా, ఈడ మన్ను గుల్లగుంది సూడు" అంటూ మడమతో నొక్కి చూపించింది. మా సారొచ్చి నేలంతా నీళ్ళు చిలకరించమన్నారు. తడి ఆరుతుంటే జానెడు వెడల్పున నల్లటి గుండ్రటి మచ్చ తేలింది. దాని పక్కన ఇంకొకటి. అలా వంపు తిరిగిన వరసలో మొత్తం ఐదు. అదొక ఇంటి గోడ. ఆ వరసలో తర్వాతి రెండూ ఉండాల్సిన చోట నేను అప్పటికే జానెడు లోతు గీకేసి, మన్ను తట్టకెత్తించేశాను. అక్కడ గోడే సాగిందో, గుమ్మం ఉండేదో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ ఇంటి పటంలో ఇప్పటికీ అక్కడ ఖాళీయే ఉంది. ఆ ఖాళీ నా చేతిది. ఆ రోజు నాకు మాస్టారి చీటీ అర్థమైంది.

తవ్వకం అంటే దొరికినదాన్ని దక్కించుకోవడం అనుకుంటాం. నిజానికి తవ్విన పొర తవ్వగానే పోతుంది. రాసుకున్నది, కొలిచి గీసుకున్నది, ఫొటో తీసుకున్నది మాత్రమే ఉంటుంది. మామూలు చోట అయితే సగం తవ్వి సగం వదిలేస్తాం, మనకంటే తెలివైనవాళ్ళు తర్వాత వచ్చి చూస్తారని. నీళ్ళు వస్తున్న లోయలో ఆ 'తర్వాత' లేదు.

నాగార్జునకొండ పని సాగుతున్న రోజుల్లోనే, 1957లో, ఆల్చిన్ అనే ఇంగ్లీషు పండితుడు పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఒక బూడిద దిబ్బ తవ్వారు. అలాంటి దిబ్బల మీద మనవాళ్ళకు ఎన్నో కథలున్నాయి. హంపీ దగ్గర నింబాపురంలో ఉన్నదాన్ని వాలిని దహనం చేసిన చోటని చెబుతారు. ఉట్నూరులో ఆల్చిన్‌కు దడి కట్టిన గుంజల గుంటలు వరసగా దొరికాయి. దడి లోపలి నేల మీద పశువుల గిట్టల అచ్చులు దొరికాయి. అది పశువుల దొడ్డి అని, పేడ పోగుపడి, కాలి, మళ్ళీ పోగుపడి దిబ్బయిందని రుజువైంది. గుంటలూ అచ్చులూ చూపించిన ఆ సంగతిని బంగారం దొరికినా చూపించలేకపోయేది.

ఇంకొక మాట. పొయ్యి దగ్గరి మట్టిని నీళ్ళ డ్రమ్ములో పోసి మెల్లగా కలిపితే, మాడిన గింజలు తేలుతాయి. సన్న జల్లెడతో వాటిని తీసి నీడన ఆరబెడతారు. చూడటానికి ఇంత తేలికైన పద్ధతి పురావస్తువాళ్ళ చేతికొచ్చింది 1960ల తర్వాతే. బళ్ళారి, కర్నూలు ప్రాంతాల కొత్తరాతియుగపు ఊళ్ళలో ఈ పద్ధతితో వెతికిన డోరియన్ ఫుల్లర్, రవి కొరిసెట్టర్ వంటివారికి ఉలవలు, పెసలు, అండుకొర్రలు దొరికాయి. మన ఉలవచారుకు అంత వయసుంది. నాగార్జునకొండ పొయ్యిల్లో ఏం మాడిందో అడగడానికి ఇప్పుడు మట్టి లేదు. ఆనాటివాళ్ళను తప్పుపట్టను, వాళ్ళకు ఆ పద్ధతే లేదు. ఈనాడు మాత్రం ఆ సాకు చెల్లదు. ముంపులో పోయే ప్రతి ఊరి నుంచీ పొర పొరకూ ఒక గోతాం మన్ను తీసి, చీటీ కట్టి దాచాలి.

ఆ తర్వాత దాన్ని అచ్చు వేయాలి. నాగార్జునకొండ నివేదిక మొదటి సంపుటం, ఈ కొత్తరాతియుగపు ఊరు ఉన్న సంపుటం, 1975లో వచ్చింది. చారిత్రక కాలపు సంపుటం 2006లో వచ్చింది. అంటే తవ్వకం ముగిసిన 46 ఏళ్ళకు. ఆ గుంటలు చూసిన కళ్ళలో ఎన్ని అప్పటికి మూతపడ్డాయో!

ఇక చట్టం సంగతి. మన 1958 నాటి పురాతన కట్టడాల చట్టం, 2010 సవరణతో కలిపి, రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలో నిర్మాణాన్ని నిషేధిస్తుంది, ఆపైన 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి చేస్తుంది. జాబితాకెక్కని పాటిదిబ్బకు ఈ గీతలేవీ లేవు. ఇంగ్లండులో 1990 నుంచి కట్టేవాడే ముందు తవ్వకం ఖర్చు పెట్టుకునే పద్ధతి స్థిరపడింది. మన దగ్గర పెద్ద ఆనకట్ట అయితే ఎవరో ఒకరు కదులుతారు. శ్రీశైలం ముంపు నుంచి కూడలి సంగమేశ్వరాలయాన్ని అలంపురం తెచ్చుకున్నాం. కానీ అది గుడి. రోడ్డు వెడల్పు కోసం లారీకెత్తే దిబ్బకు దేవుడూ లేడు, శిఖరమూ లేదు.

మాస్టారి ఊరి పాటిదిబ్బ పక్కన సర్వేవాళ్ళు రాళ్ళు పాతి వెళ్ళారు. పోయిన వారం వెళ్ళి చూసొచ్చాను. దిబ్బ ఒక పక్క ఎప్పుడో తెగి ఉంది. ఆ తెగిన గోడలో బూడిద పొర కంటికి స్పష్టంగా కనిపిస్తోంది. తవ్వే హక్కు మనకు లేదు, తవ్వకూడదు కూడా. ఆ గోడను కొలిచి, పటం గీసి, ఫొటోలతో పురావస్తు శాఖకు పంపడం మాత్రం మన పనే. వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి మా విద్యార్థులు వెళుతున్నారు. ఈ ఉపన్యాస నిధి వడ్డీలోంచి ఈ ఏడాది వాళ్ళకు టేపులు, గ్రాఫు కాగితాలు, బస్సు చార్జీలు ఇమ్మని కమిటీవారిని కోరుతున్నాను.

మాస్టారి అబ్బాయిగారు ఆ బిస్కెట్ల డబ్బా ఇక్కడికి తెచ్చారు. సభ అయ్యాక బల్ల దగ్గరికి రండి. పెంకులను చేతిలోకి తీసుకుని చూడండి. ఏ చీటీ ఏ పెంకుదో, దాని కిందే మళ్ళీ పెట్టండి.