చిన్న కాలేజీ, పెద్ద వార్త
(మన సంఘం వార్షిక సభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్ములను ఆదేశించారు. విద్య గొప్పదని చెబితే మీరు తల ఊపి, బిర్యానీ వాసన ఎటు నుంచి వస్తోందా అని చూస్తారు. ఆ తప్పు మీది కాదు. ఏటా అదే మాట చెబితే ఎవరైనా చేసేది అదే. అందుచేత ఈసారి ఉపన్యాసం మాని, పాత కాలపు కాలేజీ కబుర్లు చెప్పి, చివర మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకొందామని వచ్చాం.

మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ముగిసింది. రెండోది 1939లో మొదలైంది. ఈ మధ్య ఇరవై ఏళ్ళలో మన పల్నాట కాలేజీ అన్నది లేదు. నరసరావుపేటలో శ్రీ సుబ్బరాయ అండ్ నారాయణ కళాశాల వెలిసింది 1950లో. అంతకు ముందు మాచర్ల పిల్లవాడైనా, గురజాల పిల్లవాడైనా హైస్కూలు దాటితే గుంటూరు పోవలసిందే. మాచర్లకు మీటరుగేజి రైలు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. అది రాక మునుపు ఎడ్లబండే గతి.

గుంటూరులో ఉన్నది లూథరన్ మిషను వారి కాలేజీ. 1885లో కాలేజీ స్థాయికి వచ్చి, తర్వాత ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా పేరు పొందింది. మనం ఏ.సి. కాలేజీ అంటాం. విశ్వనాథ సత్యనారాయణగారి వంటి కవి అక్కడ కొంతకాలం తెలుగు పాఠం చెప్పారు. తర్వాతి కాలంలో నందమూరి తారక రామారావుగారు అక్కడే బి.ఏ. చదివారు. క్రైస్తవుల కాలేజీలో హిందువులు, ముస్లిములు ఒకే బెంచీ మీద కూర్చొని చదువుకొన్నారు.

ఇక మన పిల్లల సంగతి. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, వీధిలో తెలుగు, కాలేజీలో పాఠం ఇంగ్లీషు. మన నూర్‌బాషా సోదరుల ఇళ్ళలో తెలుగే. కృష్ణకు అవతలి ఒడ్డు నైజాం రాజ్యం. అక్కడ 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూలోనే పై చదువు. ఏరు దాటితే ఒక భాష, దాటకపోతే వేరొక భాష! తెలుగు బడిలో చదివిన మన కుర్రవాడికి ఆ ఉర్దూ గ్రంథాలు కొరుకుడు పడవు. దక్షిణాన 1919లో వానియంబాడిలో ఇస్లామియా కళాశాల పెట్టారు, కాని పల్నాటి నుంచి అంత దూరం పంపే స్తోమత ఎందరికి ఉంటుంది? డాక్టర్ అబ్దుల్ హఖ్‌గారి పూనికతో కర్నూలులో ఉస్మానియా కాలేజీ వచ్చేసరికి 1947 అయింది. కనుక గుంటూరులో చుట్టాల పంచనో, మసీదు పక్క గదిలోనో తల దాచుకొని, తామే పొయ్యి రాజేసుకొని చదివినవారు ఉండేవారని మా పెద్దలు చెప్పగా విన్నాం. చదువు కష్టం కాదట, సాయంత్రం అన్నం కష్టమట.

ఆ రోజుల కాలేజీ వార్తలు మామూలువి కావు. 1921లో గాంధీగారి పిలుపు విని కాలేజీలు విడిచిన విద్యార్థులు ఎందరో. ఆ ఏడే మన పల్నాట పుల్లరి కట్టబోమని రైతులు ఎదురు తిరిగారు. 1922లో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలైనాడు. 1926లో బెజవాడలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టి, 1930లో వాల్తేరుకు మారింది. ఉప్పు సత్యాగ్రహం నాడు ప్రభుత్వం సాగించిన నిర్బంధానికి నిరసనగా వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు తమ పదవినే వదులుకొన్నారు.

అయితే అన్నింటికన్నా పెద్ద వార్త ఒక చిన్న కాలేజీలో పుట్టింది. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాం.

మదనపల్లెలో అనిబిసెంటు గారి ఆధ్వర్యాన 1915లో దివ్యజ్ఞాన కళాశాల వెలిసింది. హోంరూలు ఉద్యమంలో విద్యార్థులు పాల్గొన్నారని మద్రాసు విశ్వవిద్యాలయం దాని గుర్తింపు తీసివేసింది. గుర్తింపు లేని కాలేజీలో చదివితే ఉద్యోగమేది? అయినా తలుపులు మూయలేదు. జాతీయ విశ్వవిద్యాలయం అని వేరే పెట్టుకొని, దాని కిందికి చేరారు. దానికి ఛాన్సలరు రవీంద్రనాథ టాగూరు.

1919 ఫిబ్రవరిలో టాగూరు విశ్రాంతి కోసం ఆ ఊరు వచ్చారు. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ అప్పుడు ప్రిన్సిపాలు. బుధవారం రాత్రి భోజనాలయ్యాక పిల్లలు, పంతుళ్ళు ఒకచోట చేరి పాటలు పాడుకోవడం ఆ కాలేజీలో అలవాటు. ఆ రాత్రి టాగూరు కూడా వచ్చి కూర్చొని, తానొక పాట పాడతానన్నారు. పాడినది 'జనగణమన'. పల్లవికి వచ్చేసరికి పిల్లలంతా గొంతు కలిపారు. ప్రిన్సిపాలు భార్య మార్గరెట్ గారు సంగీతం తెలిసినవారు. ఆయన దగ్గర కూర్చొని, ఒక్కొక్క స్వరం వినిపించి, సరే అనిపించుకొని రాసిపెట్టారు. ఫిబ్రవరి 28న టాగూరు దాని ఇంగ్లీషు అనువాదాన్ని స్వదస్తూరీతో రాసి ఇచ్చారు. ఆపైన అది ఆ కాలేజీ పిల్లల ప్రార్థన గీతమైంది. 1911లో కలకత్తాలో మొదటిసారి వినిపించిన పాట, మన రాయలసీమలో స్వరం రాసుకొని, 1950 జనవరి 24న దేశానికంతటికీ జాతీయ గీతమైంది. పేటలో కాలేజీ వచ్చిన సంవత్సరమూ అదే.

ఇందులో మాకు తోచిన నీతి ఒకటే. గుర్తింపు పోయింది, రూలు ఒప్పదు అని ఆ కాలేజీవారు తలుపు మూసి ఉంటే, ఆ బుధవారం లేదు, ఆ పాట రాసుకొన్న కాగితమూ లేదు.

ఇప్పుడు మా తప్పు. కిందటేడు మాచర్ల వైపు నుంచి ఒక అమ్మాయి దరఖాస్తు పంపింది. తండ్రి మిర్చి కోతలకు పోయే కూలి. ఆ ఇంట ఇంటర్ పాసైన మొదటి మనిషి ఆ పిల్ల. గుంటూరులో డిగ్రీ సీటు వచ్చింది. హాస్టలుకు ముందు కట్టవలసిన సొమ్ము కావాలి. మేము ప్రకటించిన గడువు దాటి తొమ్మిది రోజులైంది. రూలు రూలే అని దరఖాస్తు తిప్పి పంపాం. అందులో మేమందరమూ సంతకం పెట్టినవాళ్ళమే. తర్వాత మనసు ఒప్పక కబురు పెడితే, సీటు వేరొకరికి పోయిందన్నారు. ఆ అమ్మాయి ఇప్పుడు ఊళ్ళో బట్టల కొట్లో లెక్కలు రాస్తోంది. గడువు తేదీ ఎలా తెలిసిందమ్మా అని అడిగాం. "మీ నోటీసు పేట మసీదులో అంటించారంట కదా, మా ఊరికి ఎవరు తెచ్చి చెబుతారు?" అన్నది. మా దగ్గర జవాబు లేదు.

వందేళ్ళ కిందట దూరం అంటే ఎడ్లబండి. 2022 నుంచి పల్నాడు జిల్లా అయింది, నరసరావుపేట జిల్లా కేంద్రమైంది, ఇంజనీరింగు చదువు కూడా ముంగిట్లోకి వచ్చింది. కాని ఆ పిల్లకు మా నోటీసు బోర్డే గుంటూరు కంటే దూరమైంది.

అందుచేత కార్యవర్గం మూడు విషయాలు మీ ఆమోదానికి పెడుతోంది. ఒకటి, విద్యార్థి వేతనానికి గడువు తేదీ ఎత్తివేయాలి. ఏ నెలలో అడిగినా ఆ నెలలోనే తేల్చాలి. రెండు, పుస్తకాలకు ఇచ్చే సొమ్ముతో పాటు హాస్టలు మొదటి కట్టుబడి మనమే నేరుగా కట్టాలి, ఎందుకంటే పిల్లలు ఆగిపోయేది అక్కడే. మూడు, మాచర్ల, గురజాల వైపు ప్రతి జమాత్ నుంచి ఒక మనిషి ఈ కబురు ఇంటింటికీ మోయాలి.

ఈ నిధి నుంచి మొదటి చెక్కు ఆ అమ్మాయి పేర రాయాలని మా కోరిక. మళ్ళీ సీటుకు దరఖాస్తు పెడతానన్నది. ఈసారి గడువు మనకే గాని ఆమెకు కాదు.

బయట బల్ల మీద రసీదు పుస్తకం ఉంది. ఇచ్చేది పది రూపాయలైనా రసీదు తీసుకోండి. ఇక భోజనానికి ఆలస్యం చేయము. సెలవు.