చలికాలపు విహారం – మన్యంలో మన మర్యాద

(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వరికోతలు ముగిసి కుప్పలు వేసిన తరువాత నాలుగు రోజులు తీరిక దొరికితే, పిల్లలను వెంటబెట్టుకొని అరకులోయకో లంబసింగికో వెళ్ళి రావలెనని మీలో చాలామందికి ఉన్నది. అది మంచి కోరికే. ఏడాది పొడవునా కష్టపడేవానికి విహారం విలాసం కాదు. ఎద్దుకు కూడా కాడి దింపే వేళ ఒకటి ఉంటుంది గదా! అయితే బయలుదేరే ముందు కొన్ని సంగతులు మనవి చేస్తాను.

ముందుగా చలి సంగతి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్నది. ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ ఉష్ణోగ్రత రమారమి అర డిగ్రీకి పైగా తగ్గుతుంది. అది చాలక, మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదలివేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి, ఎగువ మడి నుండి దిగువ మడికి నీరు దిగినట్లు, లోయలోకి దిగి నిలుస్తుంది. అందువల్లనే డిసెంబరు, జనవరి నెలలలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పోతుంది. ఆ ఊరికి కొర్రబయలు అనే పేరు కూడా ఉన్నది. ఆరుబయట ఉన్నవాడు కర్రవలె బిగుసుకుపోతాడని దానికి అర్థం చెబుతారు.

కాబట్టి ముసలివారికీ, పసిపిల్లలకూ చెవులు కప్పే ఉన్ని బట్టలు తప్పక ఉండవలెను. తలుపులు మూసిన గదిలోగాని, గుడారంలోగాని బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోరాదు. దాని నుండి వచ్చే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మంచు దట్టంగా ఉన్న వేళ ఘాట్ రోడ్డు మీద ప్రయాణం మానుకోవలెను. దిగేటప్పుడు బండిని తక్కువ గేరులో నడపవలెను. ఆరుబయట చలిమంట వేసుకుంటే, లేచేముందు నీళ్ళు పోసి పూర్తిగా ఆర్పవలెను. ఎండుగడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలును.

ఇక రెండవ సంగతి. ఆ కాలంలో అరకు ప్రాంతంలో వలిసె చేలు పసుపు తివాచీ పరచినట్లు పూస్తాయి. నేను ఒక చేనుగట్టున నిలబడి ఉండగా, ఫోటోల కోసం ఒక గుంపు చేనులోకి దిగినది. చేను గల ముసలి రైతు నాతో అన్నమాట ఇది: “పువ్వు చూడ్డానికొచ్చినోళ్ళు పైరు తొక్కేసి పోతన్నారు బాబూ. నాకు నూనె ఎక్కడ్నుంచొస్తాది?”

ఆ మాట మన చెవిలో ఉండవలెను. వలిసె పూలతోట కాదు, నూనెగింజల పైరు. తేనెటీగలు పువ్వు నుండి పువ్వుకు పుప్పొడి మోస్తేనే గింజ కడుతుంది. తొక్కిన మొక్క గింజ కట్టదు. పొట్టమీదున్న మన వరిచేనులోకి ఎవరైనా దిగితే ఊరుకుంటామా? కాఫీ పండ్ల కోత కూడా ఆ నెలలలోనే. సరదాకు కోసిన గుప్పెడు పండ్లు ఆ రైతు కష్టార్జితం. పగిలిన సీసాలు కొండవాగులో వేస్తే గుచ్చుకునేది వాగు దాటే పిల్లల కాళ్ళకు. పారవేసిన ప్లాస్టిక్ సంచులు చేరేది పశువుల కడుపులోకి.

ఈ సభలో మన్యం రైతులు కూడా ఉన్నారు. వారికి ఒక సలహా. వచ్చేవారిని తిట్టి పంపుటకంటె, చేను అంచున రెండు మూరల బాట విడిచి, అక్కడ నిలబడి చూచుటకు కొద్దిపాటి రుసుము పెట్టండి. ఆ గట్టునే మీ రాజ్‌మా, పసుపు, మిరియాలు, తేనె అమ్ముకోండి. పువ్వుకు వచ్చిన బేరం గింజకు నష్టం కారాదు. ఆ లెక్క చూచుకోండి.

మైదానపు సోదరులారా, రైతు ఇంటికి రైతే అతిథిగా వెళుతున్నాడు. గట్టు మీద నడవడం మనకు ఒకరు నేర్పవలెనా? కళ్ళారా చూడండి, చేతనైనది కొనండి, చేను చేనుగానే ఉంచి రండి.