అరచేతిలో కత్తి: ఒక జావా పల్లె చెప్పే సంగతులు

జావా భాషలో 'దేశ' అంటే ఊరు. మనం రాజ్యమంత భూభాగానికి వాడుకునే ఆ సంస్కృత పదమే సముద్రం దాటి వెళ్లి, అక్కడ నాలుగు పేటలు, ఒక మసీదు, చుట్టూ మాగాణి ఉన్న పల్లెకు పేరైంది. ఆ మాగాణిలో పండే వరికి అధిదేవత దేవి శ్రీ. అక్కడి రైతుల్లో ఎక్కువమంది ముస్లిములు. అయినా కోతకు ముందు పొలం గట్టు మీద అన్నం, వండిన కోడి పెట్టి ఆమెను తలుచుకునే 'వివితాన్' ఆచారం తరాలపాటు సాగింది. ఇప్పుడు పలచబడింది కానీ పోలేదు.

ఈ ఉపన్యాసానికి జావా పల్లెను ఎంచుకోవడానికి పేరు కలవడం ఒక్కటే కారణం కాదు. వరి పండించే వాళ్ల బతుకు ఏమవుతుందన్న ప్రశ్నను ఆ పల్లెల్లో అడిగినంత నిశితంగా మరెక్కడా అడిగినట్టు కనబడదు.

యోగ్యకర్త నగరానికి దక్షిణాన, మాతరం రాజుల సమాధులున్న ఇమోగిరి దగ్గర శ్రీహర్జో అనే ఊరుంది. మాస్రి సింగారింబున్ అనే ఇండొనేషియా మానవశాస్త్రవేత్త, డేవిడ్ పెన్నీ అనే వ్యవసాయ ఆర్థికవేత్త కలిసి ఆ ఊరి జమాఖర్చులు రాసి 1973లో పుస్తకంగా తెచ్చారు. తలసరి ఆదాయాల లెక్కలు పక్కన పెట్టి, ఊరివాళ్ల నోట్లో ఉన్న మాటనే వాళ్లు కొలబద్దగా తీసుకున్నారు. ఆ మాట 'చుకుపాన్'. అంటే చాలినంత. మిగులు అక్కర్లేదు, అప్పు చేయకుండా ఏడాది గడిస్తే చాలు. అంతమాత్రం చేను కూడా ఎక్కువ కుటుంబాలకు లేదు. పొలం చాలనివాళ్లు కొబ్బరిచెట్లు గీసేవారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కి దించిన నీరాను ఇంట్లో ఆడవాళ్లు గంటల తరబడి పొయ్యి మీద కాచి బెల్లం చేసేవారు. ఆ చాకిరీకి వచ్చేది బహు స్వల్పం. అయినా చేసేవారు, ఇంకో పని లేదు గనక.

అర హెక్టారు, మన లెక్కలో ఎకరంపావు, కూడా లేని రైతును అక్కడ 'గురెమ్' అంటారు. ఆ మాటకు అసలు అర్థం కోడి పేను. 2013 వ్యవసాయ గణనలో ఇండొనేషియా మొత్తం మీద ఇలాంటి కుటుంబాలు కోటీ 42 లక్షలకు పైగా తేలాయి. వాటిలో అత్యధికం జావావే.

భూమి ఇంతగా ముక్కలు కావడం ఒక్క రోజులో జరిగింది కాదు. 1830లో డచ్చి ప్రభుత్వం ప్రతి ఊరూ తన భూమిలో కొంత భాగం చెరకు, నీలిమందు వంటి ఎగుమతి పంటలకు ఇవ్వాలని శాసించింది. వరి పండే మడిలోనే చెరకు వేయించింది. లాభం హాలండుకు చేరింది, పెరిగిన జనం మడిలోనే మిగిలారు. అమెరికన్ మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1963లో దీన్ని వివరిస్తూ, జావా పల్లె ఉన్న కాస్త పంటనూ పనినీ మరింతమందికి సర్దిపెడుతూ పోయిందన్నాడు. సర్దుబాటు నిజమే. కానీ అందరికీ సమానంగా సర్దిందనుకుంటే పొరపాటు. భూమి ఉన్నవాడికీ లేనివాడికీ తేడా అప్పుడూ ఉందని తర్వాతి పరిశోధకులు గట్టిగానే చూపించారు.

ఆ సర్దుబాటు ఎలా ఉండేదో ఒక పనిముట్టు చెబుతుంది. దాని పేరు 'అని-అని'. అరచేతిలో ఇమిడే చిన్న చెక్క, దాని అంచున అంగుళాల్లో కొలిచే పదునైన రేకు, అడ్డంగా వెదురు పిడి. వేళ్ల మధ్య దాన్ని పట్టుకుని, ఒక్కొక్క వెన్నునే తుంచినట్టు కోస్తారు. కత్తి బయటికి కనబడితే దేవి శ్రీ బెదిరిపోతుందని నమ్మకం. అందుకే దాన్ని అరచేతిలో దాచి కోయాలి. నమ్మకం వెనక సదుపాయం కూడా ఉంది. పాత రకాలు పొడుగ్గా పెరుగుతాయి, అన్నీ ఒకేసారి పండవు. పండిన వెన్నునే ఏరి కోయడానికి అంతకంటే అనువైనది లేదు.

ఈ కోత ఆడవాళ్ల పని. చేలో ఎవరైనా దిగే వీలుండేది, వద్దనడం మర్యాద అనిపించుకునేది కాదు. సాయంత్రం ఎవరు కోసిన పనలు వాళ్లు రైతు ఇంటికి మోసుకెళితే, అందులోంచి పాలు ఇచ్చేవారు. దాన్ని 'బవోన్' అంటారు. చుట్టాలకు, ఇరుగుపొరుగుకు కాస్త ఎక్కువ, పై ఊరివాళ్లకు తక్కువ. సెంటు భూమి లేని ఇంటికి కూడా ఆ పాలుతో కొన్ని నెలల గింజలు అందేవి.

ఆ తర్వాత కొత్త వరి వచ్చింది. దాని పుట్టుకలో జావాకు భాగం ఉంది, మనకూ ఉంది. చైనా రకాన్నీ, వంగదేశపు లతిసెయిల్‌నూ కలిపి జావాలో 'పేట' అనే వరిని తయారుచేశారు. ఆ పేటను తైవాన్ పొట్టి రకంతో కలిపి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిందే ఐఆర్-8. మరుసటి ఏడే పశ్చిమగోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి చూపించారు. జావాలో అదే వరిని 'కొత్త పేట' అన్నారు.

దిగుబడి పెరిగింది. దాన్ని తక్కువ చేసి చెప్పడం ఆకలి తెలిసినవాళ్లకు అన్యాయం. 1984 నాటికి ఇండొనేషియా బియ్యంలో స్వయంసమృద్ధి ప్రకటించుకుంది. అయితే కొత్త రకం పొట్టిది, చేనంతా ఒకేసారి పండుతుంది, గింజ తేలిగ్గా రాలుతుంది. దానికి అరచేతి కత్తి పనికిరాదు, కొడవలి కావాలి. కొడవలితో పాటు దళారి వచ్చాడు. చేను మీదే పంట కొని, తన మనుషులను తెచ్చి కోయించుకుపోయే 'తెబసాన్' పద్ధతి 1970లలో విస్తరించింది. రైతు తన ఊరి ఆడవాళ్లను చేలో దిగవద్దని చెప్పలేడు. దళారికి ఆ మొహమాటం లేదు. వందమంది దిగిన చేలో పదిమంది దిగడం మొదలైంది. అదే కాలంలో చిన్న రైసుమిల్లులు ఊరూరా వెలిశాయి. ధాన్యం దంచి కూలి గింజలు తెచ్చుకునే ఆడవాళ్ల రోకళ్లు మూలకు చేరాయి. దంపుడు నడుములు విరిచే పని, ఆ కష్టం తప్పడం మంచిదే. కానీ దానితో పోయిన కూలికి బదులేమిటని మిల్లు పెట్టినవాళ్లు గానీ, అప్పిచ్చినవాళ్లు గానీ ఆలోచించలేదు.

కొత్త వరి వెనకే సుడిదోమ వచ్చింది. 1970ల చివర్లో లక్షల హెక్టార్లు ఎండిపోయాయి. ప్రభుత్వం పురుగుమందుకు భారీగా సబ్సిడీ ఇచ్చింది, రైతులు కొట్టారు, దోమ ఇంకా పెరిగింది. కారణం చిన్నదే. దోమ గుడ్లు కాడ లోపల భద్రంగా ఉంటాయి. మందు చంపేది పైన తిరుగుతూ దోమను తినే సాలీళ్లను. శాస్త్రవేత్తలు ఇది రుజువు చేశాక, 1986లో అధ్యక్షుడి ఉత్తర్వుతో 57 పురుగుమందులను వరిలో నిషేధించారు. 1989 నుంచి పొలంలోనే బడి మొదలైంది. పాతికమంది దాకా రైతులు వారానికోసారి చేలో దిగి, దుబ్బు దుబ్బూ చూసి, పురుగులను లెక్కపెట్టి, గట్టు మీద కూర్చుని కాగితం మీద రంగు పెన్సిళ్లతో బొమ్మలు గీస్తారు. ఒక పక్క దోమ, ఒక పక్క సాలీడు. మందు కొట్టాలా వద్దా అన్నది ఆ బొమ్మ చూసి తేల్చేది వాళ్లే. మన దగ్గర 'పొలంబడి'గా నడిచింది ఈ బడే.

2006 మే 27 తెల్లవారుజామున యోగ్యకర్త ప్రాంతమంతా భూకంపంతో కూలింది. 5,700 మందికి పైగా చనిపోయారు. అత్యధిక నష్టం శ్రీహర్జో ఉన్న బంతుల్ జిల్లాదే. కూలి తీసుకోకుండా ఇరుగుపొరుగు కలిసి ఇల్లు కట్టుకునే 'సంబతాన్' ఆచారం అప్పుడు అక్కరకొచ్చింది. ఇళ్లు తొందరగానే లేచాయి. వాటిలో ఉండాల్సిన పడుచువాళ్లు మాత్రం పొలం మీద నిలవడం లేదు. మగవాళ్లు నగరాల్లో కట్టుబడి పనులకు పోతున్నారు. జావా పల్లెల ఆడవాళ్లు ఎందరో హాంకాంగ్‌, మలేషియా, సౌదీలలో ఇంటిపనికి కుదిరారు. గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు ఆడవాళ్లను పంపిన ఇళ్లకు ఆ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

యోగ్యకర్త చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ పండగలప్పుడు పాత రోళ్లు బయటికి తీస్తారు. ఒకే మానులో తొలిచిన పడవలాంటి పొడుగాటి రోలు అది. పెద్దవయసు ఆడవాళ్లు దాని చుట్టూ నిలబడి, ఒకరు అంచు మీద, ఒకరు పక్కన, ఒకరు లోపల రోకళ్లు వేస్తూ తాళం కడతారు. దీన్ని 'గెజోగ్ లెసుంగ్' అంటారు. రోలులో గింజ ఉండదు. దంపుడు కూలికి పోయిన తల్లుల చేతుల్లోంచి వచ్చిన ఆ దరువు మాత్రం తప్పదు.